కడిగిన తొట్టి

తొట్టిని కడిగింది నేనే.
ముందే ఒప్పేసుకుంటున్నాను,
ఎలాగూ ఊరంతా చెప్పుకుంటున్నదే.

మోకాలి ఆపరేషనుకని హిల్కా
పట్నం ఆసుపత్రిలో పదకొండు రోజులు.
బోత్నియా సముద్రపు గాలి అప్పటికే
గడప కింద చేతులు పెట్టి వెతుకుతోంది.
ఆమె వచ్చేసరికి ఇల్లు చలికి సిద్ధంగా ఉండాలనుకున్నాను.
అటక మీది లోపలి కిటికీలు దించి బిగించాను.
రెండద్దాల నడుమ నాచు పరిచి
ఆమె ఏటా పెట్టినట్టే ఎర్రటి రోవన్ పళ్ల గుత్తి పెట్టాను.
సందులకి కాగితం పట్టీలు అంటించాను.
బర్చ్ కట్టెలు గోడవార పేర్చాను.
ఇంకా పొద్దుంది, చేతులు ఊరుకోలేదు.

పొయ్యి మూలన మూతేసిన కొయ్య తొట్టి.
లోపల అంచులకి పొరలు పొరలుగా ఎండిన పిండి.
పాపం, నొప్పితో కడగలేకపోయింది కాబోలనుకున్నాను.
వేణ్నీళ్లు, సబ్బు, గట్టి కుంచె.
గంటన్నర.
కొత్త పెళ్లికూతురిలా చేసి
ఎండలో బోర్లించాను.

నలభై మూడేళ్లు ఆ రొట్టె తిన్నవాణ్ణి.
అది దేనితో పులుస్తుందో ఒక్కసారీ అడగలేదు.

హిల్కా కర్ర ఊనుకుంటూ వచ్చింది.
కిటికీలు చూసింది, కట్టెలు చూసింది.
తొట్టి మూత తీసి తల లోపలికి వంచి
వాసన చూసింది,
ఖాళీ గదిలో ఎవరినో పేరు పెట్టి పిలిచినట్టు.
"బాగా కడిగావు," అంది.
ఇంకేం అనలేదు.
తిట్టి ఉంటే అన్నం సయించేది.

మూడో రోజు తనే చెప్పింది, గోడకేసి తిరిగి.
వాళ్లమ్మమ్మ నాటి తోడు అది.
కొయ్యలో నిద్రపోతుంది, గోరువెచ్చటి నీళ్లు పోస్తే లేస్తుంది.
"ఇంకెక్కడా లేదా?"
"ఉంది. సైమికి నేనే ఇచ్చాను, ఆమె కాపురానికి వచ్చిన ఏడు."

సైమి ఇల్లు ఏటికి అవతల.
సైమి మొగుడు తౌనో.
తౌనోకీ నాకూ మధ్య ఒక మురుగుకాలువ,
నా బంగాళాదుంపల మడిలోకి అతను తవ్వించింది,
పందొమ్మిదేళ్ల మౌనం.

మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తీసుకుని
వంతెన మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను.
వాళ్ల గుమ్మంలో నిలబడితే
దారంతా కూడబలుక్కున్న మాటలు ఎటో పోయాయి.
"ఏం కావాలి?" అంది సైమి.
"తోడు," అన్నాను.
అంత చిన్న మాటకి అంత బరువుంటుందని
అప్పటిదాకా తెలియదు.

సైమి డబ్బా అందుకుంది. "మీ ఇంటిదే," అంది.
తౌనో వల అల్లుతూ తలెత్తలేదు.
నేను మెట్లు దిగుతుంటే మాత్రం వినిపించింది:
"ఆ కాలువ ఎప్పుడో పూడిపోయింది."

ఆ రాత్రి తొట్టికి ఉన్ని శాలువా కప్పి
పక్కనే బల్ల మీద పడుకున్నాను.
తెల్లవారుజామున లోపల బుడుబుడుమని
ఎవరో నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు.
లేపితే హిల్కా నవ్వింది, ఆసుపత్రి తర్వాత మొదటిసారి.

కాలు చాపుకుని పీట మీద కూర్చుని
ఆమె చెప్పడం, నేను చెయ్యడం.
రై పిండి బురదలా పట్టుకుంటుంది.
"ఇంకా పిసుకు. అదే నీ చెయ్యి వదిలేదాకా."
నిప్పులు లాగి, జునిపర్ చీపురుతో పొయ్యి ఊడ్చి
గుప్పెడు పిండి విసిరాను.
"నల్లబడిందా? ఆగు. ఎర్రబడితే పెట్టు."
ఆవుకొమ్ముతో నడుమ కంత కొట్టి
పళ్లెమంత రొట్టెలు, ముప్పై ఆరు.
కొన్ని వంకర. ఒకటి మాడింది, అది నేను తిన్నాను.

ఇప్పుడు దూలాల కింద వాసానికి వరసగా వేలాడుతున్నాయి.
బయట ఏరు అంచుల నుంచి గడ్డకడుతోంది.
మొదటి వాయలోవి రెండు అవతలి ఒడ్డుకి వెళ్లాయి,
తిరిగొచ్చిన సంచిలో ఉప్పుచేప ఉంది.

తొట్టి మళ్లీ మురికిగా ఉంది, అడుగున బంక,
పైన చిటికెడు ఉప్పు, చారెడు పిండి.
హిల్కా మామూలుగానే మాట్లాడుతోంది.
సబ్బు ఎక్కడ దాచిందో మాత్రం
ఎంత అడిగినా చెప్పడం లేదు.